సంపు గుంతలో దొరికిన కుండపెంకులు

కర్నూలు పాతబస్తీలో మా బంధువుల ఇంటికి నీళ్ల సంపు తవ్విస్తున్నప్పుడు, ఆరడుగుల లోతు దాటాక గుంత గోడలో బూడిద రంగు మట్టి పొర ఒకటి అడ్డంగా కనిపించింది. అందులో ఎముకల ముక్కలు, మందపాటి ఇటుక ముక్కలు, ఎర్రవీ నల్లవీ కుండపెంకులు ఉన్నాయి. "ఇట్లాంటివి ఈ పక్క శానా వస్తాయి సార్, లంకెబిందెలైతే చెప్తాంలే" అని మేస్త్రీ నవ్వి, అన్నిటినీ తట్టల్లోకి ఎత్తించాడు. నేను ఫోనులో నాలుగు ఫొటోలు తీసేలోగా ఆ మట్టి ట్రాక్టరెక్కి వెళ్లిపోయింది.

రెండు పెంకులు నా చేతిలో మిగిలాయి గానీ, వాటి కాలాన్ని చెప్పగల ఆధారం మట్టితోపాటే పోయింది. వస్తువు కంటే అది ఏ పొరలో, ఏ లోతులో, వేటి పక్కన పడి ఉందన్నదే పురావస్తు పరిశోధకులకు ముఖ్యం. ఎవరూ కదిలించని చోట కింది పొర పై పొర కంటే పాతది, ఒక పొరలో నాణెం దొరికితే ఆ నాణెం ముద్రించిన కాలానికి ముందు ఆ పొర ఏర్పడలేదని తేల్చవచ్చు, బొగ్గు దొరికితే కార్బన్ పద్ధతిలో వయసు లెక్కకట్టవచ్చు. తుంగభద్ర అవతల ఆలంపురంలో ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయం, శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా రాయి రాయిగా విడదీసి తెచ్చి మళ్లీ కట్టినది. ఏ రాయి ఎక్కడిదో తెలుసు గనుకనే అది రాళ్లకుప్పగా మిగిలిపోలేదు.

కొండారెడ్డి బురుజు లాంటి రక్షిత కట్టడానికి చట్టం అండ ఉంది. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. ఆ గీత దాటిన వీధుల్లో మట్టి కింద ఏముందో అడిగేవారు లేరు. 1878 నాటి నిక్షేపాల చట్టమేమో, భూమిలో దొరికినదాని విలువ 10 రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయమంటుంది. ఈ పెంకులకు పది రూపాయలు కట్టేవాడెవడు?

చెబితే స్థలం పోతుందన్న భయం ఇంటివాళ్లకు ఉంటుంది, అది కాదనలేనిది. అందుకే పని ఆపమనడం కంటే, పాతబస్తీలో ఇంటి ప్లానుకు అనుమతి ఇచ్చేటప్పుడే గుంత గోడల ఫొటోలు, కొలతలతో సహా, అడగడం మేలని నాకనిపిస్తుంది. దానికి అరగంట చాలు.

ఆ రెండు పెంకులను కవరులో వేసి, తేదీ, వీధి పేరు, లోతు రాసి పెట్టాను. ఆరడుగులన్నది నా కంటి అంచనాయే. టేపు ఆ రోజంతా మేస్త్రీ జేబులోనే ఉంది, అడగాలన్న ఆలోచన నాకు రాలేదు.