నా ఎడమ చేతి సిర డయాలసిస్‌కి సిద్ధమైన తీరు – నా అనుభవం

క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం) రక్తంలో పెరుగుతూ పోతోంది, ఇంకొన్ని నెలల్లో డయాలసిస్ మొదలుపెట్టాల్సి రావచ్చు అని నెఫ్రాలజిస్ట్, అంటే కిడ్నీ డాక్టరు, చెప్పిన రోజు నా బుర్ర నిండా కిడ్నీలే ఉన్నాయి. ఆయన మాత్రం నా ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. చొక్కా చేతులు పైకి మడవమని, మణికట్టు నుంచి మోచేతి దాకా బొటనవేలితో తడుముకుంటూ వెళ్లి, "ఈ చేతికి ఎప్పుడైనా సెలైన్ ఎక్కించారా?" అని అడిగారు. ఎక్కించారు. అంతకు రెండేళ్ల ముందు జ్వరంతో ఒక ఆసుపత్రిలో చేరినప్పుడు మణికట్టు పైన ఒకే చోట మూడు రోజులు క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) ఉంచారు, అది వాచి నొప్పి పుడితే తీసి కొంచెం పైన ఇంకోటి పెట్టారు. అప్పటికే నా కిడ్నీలు సరిగ్గా లేవని వాళ్ల ఫైల్లోనే రాసి ఉంది. ఎడమ చెయ్యి వదిలేసి కుడి అరచేతి వెనక వైపు పెట్టించుకోండి అని ఒక్కరు కూడా చెప్పలేదు, నాకూ తెలియదు. ఇదంతా రాయడానికి సగం కారణం అదే.

ముందు ఒక మాట. మనం మాటల్లో "నరం దొరకట్లేదు", "నరానికి సూది వేశారు" అంటాం కానీ అది నరం కాదు, సిర. గుండె నుంచి రక్తం తీసుకెళ్లేది ధమని, గుండెకు తిరిగి తెచ్చేది సిర. ఈ తేడా పదో తరగతిలో బట్టీ పట్టి మరిచిపోయిన నాకు, నా ముంజేతి మీదే మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది.

డయాలసిస్ మిషన్‌కి నిమిషానికి 300 మిల్లీలీటర్ల దాకా రక్తం కావాలి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, అదీ నాలుగు గంటలు ఆగకుండా, వారానికి మూడుసార్లు. మామూలు ముంజేతి సిర అంత ఇవ్వలేదు. మిషన్ లాగితే పలచటి గోడలు లోపలికి అతుక్కుపోతాయి. "మరి ధమని నుంచే తీసుకోవచ్చు కదండీ, అందులో ఒత్తిడి ఉంటుందిగా?" అని అడిగాను. ఆయన నా వేళ్లు తీసుకుని నాడి కొట్టుకునే చోట పెట్టారు. లోతుగా ఉంది చూశారా, సన్నగా ఉంది, పైగా దాని గోడ నిండా కండరం, సూది గుచ్చితే బిగుసుకుంటుంది, నొప్పి ఎక్కువ, తీశాక రక్తం ఆగడం కష్టం, వారానికి మూడుసార్లు అంత లావు సూదులు గుచ్చితే కొన్నాళ్లకే పాడైపోతుంది అన్నారు. సూదికి అనువుగా పైపైన ఉండేది సిర, రక్తం జోరుగా ఉండేది ధమనిలో. అందుకని ఆ రెండింటినీ చేతిలోనే కలిపేస్తారు. దాన్నే ఫిస్టులా అంటారు.

ఈ ఉపాయం మొదటి నుంచీ లేదట. 1960లో అమెరికాలో స్క్రిబ్నర్ అనే డాక్టరు ధమనిలో ఒక గొట్టం, సిరలో ఒక గొట్టం పెట్టి చర్మం బయట వాటిని కలిపి వదిలేసేవారు. ఇన్ఫెక్షన్లు వచ్చేవి, రక్తం గడ్డకట్టేది. 1966లో బ్రెసియా, సిమినో అనే డాక్టర్లు తమ సహచరులతో కలిసి, గొట్టాలేవీ లేకుండా రక్తనాళాన్నే రక్తనాళానికి కలిపే పద్ధతిని ప్రచురించారు. ఇప్పటికీ మణికట్టు దగ్గర చేసేది ప్రధానంగా అదే ఆపరేషన్. బయటి వస్తువేదీ లేకుండా మన ఒంట్లోని గొట్టాలతోనే పని జరుగుతుందని విన్నాక నాకు చాలా ధైర్యం వచ్చింది.

తర్వాత డాప్లర్ స్కాన్, అంటే రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే అల్ట్రాసౌండ్. మొత్తం ప్రయాణంలో నాకు కళ్లు తెరిపించింది ఇదే. చేతి మీద జెల్ రాసి ప్రోబ్ పెట్టగానే స్క్రీన్ మీద రెండు నల్లటి గుండ్రాలు కనబడ్డాయి. ఒకటి చిన్నది, చుట్టూ తెల్లటి అంచుతో, టక్ టక్ అని కొట్టుకుంటోంది. ఇంకోటి కదలకుండా ఉంది. టెక్నీషియన్ ప్రోబ్‌ని కొంచెం, నిజంగా కొంచెమే, నొక్కారు. కదలని గుండ్రం గీతలా మూసుకుపోయింది, కొట్టుకునేది మాత్రం గుండ్రంగా అలాగే ఉండిపోయింది. "పోయింది సిర, ఉన్నది ధమని" అన్నారు. పుస్తకంలో ధమని గోడలు మందం, సిర గోడలు పలచన అని చదివితే నాకేమీ పట్టలేదు, ఆ గుండ్రం గీతగా మారడం చూశాక మళ్లీ మర్చిపోలేదు. ధమని గోడ మధ్య పొరలో కండరం, సాగే పోగులు దండిగా ఉంటాయి, గుండె కొట్టిన ప్రతిసారీ 120 దాకా లేచే ఒత్తిడికి సాగి మళ్లీ యథాస్థితికి రావాలి కాబట్టి. సిరకి ఆ కష్టం లేదు. పడుకున్నప్పుడు చేతి సిరల్లో ఒత్తిడి సాధారణంగా 10 కూడా దాటదు, అందుకే దాని గోడ పలచన, లోపల చోటు ఎక్కువ. మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంట్లోని రక్తంలో సగానికి పైగా సిరల్లోనే నిలవ ఉంటుంది.

మధ్యలో ఆవిడ ప్రోబ్ ఒక చోట ఆపి, మళ్లీ మళ్లీ నొక్కారు. అక్కడ సిర మూసుకోవట్లేదు. లోపలంతా మసకగా, గోడ దళసరిగా ఉంది. అది పాత క్యాన్యులా పెట్టిన చోటే, సిర గట్టిపడిపోయింది. దాంతో మణికట్టు దగ్గర కుదరదు, నాలుగు వేళ్ల ఎత్తున కలపాలి అని తేల్చారు. సూదులు గుచ్చుకోవడానికి అంత మేర చోటు నాకు తగ్గిపోయినట్టే.

సర్జన్ ఆపరేషన్‌కి ముందు ఇంకో పరీక్ష చేశారు. నన్ను పిడికిలి బిగించమని, మణికట్టు దగ్గర రెండు వైపులా ఉన్న ధమనుల్ని గట్టిగా నొక్కి పట్టి, పిడికిలి తెరవమన్నారు. అరచెయ్యి పాలిపోయి ఉంది. చిటికెన వేలి వైపు ధమనిని వదిలారు. లెక్కపెడుతూ చూస్తున్నాను, అయిదు లెక్కపెట్టే లోపే రంగు వచ్చేసింది. బొటనవేలి వైపు ధమనిలోంచి రక్తం పక్కకు మళ్లిస్తున్నాం కదా, రెండోదొక్కటే చేతిని పోషించగలదా అని చూడడం అది. మామూలుగా ధమనిలో రక్తం చిన్న ధమనుల్లోకి, అక్కడి నుంచి రక్తకేశనాళికల్లోకి వెళ్లాకే సిరలోకి చేరుతుంది. చిన్న ధమనులు బిగుసుకుని ఒత్తిడిని బాగా దించేస్తాయి. కేశనాళికల గోడ ఒక్క కణం మందమే, ఎర్ర రక్తకణాలు వాటిలో దాదాపు ఒకదాని వెనక ఒకటిగా దూరి పోవాల్సిందే, ఆక్సిజన్ ఇచ్చి పుచ్చుకునేది అక్కడే. ఫిస్టులాలో వెళ్లే రక్తం ఈ దారి మొత్తాన్ని తప్పించుకుని నేరుగా సిరలో పడుతుంది. మిషన్‌కి అదే కావాలి, కానీ వేళ్లకి అందాల్సింది కూడా చూసుకోవాలి కదా.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మత్తు చేతికి మాత్రమే ఇచ్చారు, గంటన్నర పట్టింది, సిరను కోసి ఆ కొసను ధమని పక్క గోడకి కలిపి కుట్టారు. రక్తం పారకుండా పట్టి ఉంచిన క్లాంపులు తీశాక సర్జన్ "వచ్చింది" అన్నారు. సాయంత్రం కట్టు పక్కన వేలు పెట్టి చూడమంటే చూశాను. పిల్లి గుర్రుమన్నట్టు సన్నటి వణుకు. దాన్ని థ్రిల్ అంటారు. స్టెతస్కోపు పెడితే గుయ్యిమని ఆగకుండా చప్పుడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా పొద్దున లేవగానే ముందు చేసే పని ఆ వణుకు ఉందా అని చూసుకోవడమే, ఎందుకంటే అది ఆగిందంటే లోపల గడ్డ కట్టిందేమో, ఆ పూటే పరుగెత్తాలి.

నాకొచ్చిన పెద్ద అనుమానం కవాటాల గురించి. సిరల్లో కవాటాలుంటాయి, రక్తాన్ని వెనక్కి రానివ్వవు, మరి ఇంత జోరుగా వచ్చే రక్తాన్ని అడ్డుకోవా? అడిగితే డాక్టరు నన్ను కుడి చెయ్యి కిందికి వేలాడేయమని, ఉబ్బిన సిర మీద ఒక వేలు నొక్కి ఉంచి, ఇంకో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు దువ్వి ఆ పై వేలు తీసేయమన్నారు. మధ్యలో ముక్క ఖాళీగా ఉండిపోయింది, పై నుంచి రక్తం దిగలేదు. కింది వేలు తీయగానే చప్పున నిండింది. 1628లో విలియం హార్వే రక్తం ఒకే దిశలో తిరుగుతుందని చూపించడానికి వాడింది ఇలాంటి పరీక్షే. ఫిస్టులాలో కూడా రక్తం వెళ్లేది గుండె వైపుకే కాబట్టి ఆ తలుపులు తెరుచుకునే దిశలోనే వెళ్తుంది, అడ్డేమీ లేదు.

ఆ తర్వాత ఎదురుచూపులు. రోజూ మెత్తటి బంతి నొక్కడం, ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకోకపోవడం, వాచీ పెట్టుకోకపోవడం, ఎవరొచ్చి బీపీ పట్టీ తీసినా కుడి చెయ్యి చాపడం. వేళ్లు మొదట్లో చల్లగా అనిపించి టెన్షన్ పడ్డాను, చూసి ఫర్వాలేదన్నారు, తగ్గిపోయింది. సిర మాత్రం వారం వారం మారుతూ వచ్చింది. అలవాటు లేని ఒత్తిడి మీద పడేసరికి అది వెడల్పైంది, గోడలో కండరం పెరిగి దళసరి అయింది, అంటే ధమని పని ఇస్తే ధమని లక్షణాలు తెచ్చుకుంది. ఈ మార్పు నాకు ఇప్పటికీ అద్భుతమే.

డాక్టర్లు దీనికి ఆరుల లెక్క వాడతారు. 6 వారాలకు చూడాలి, వెడల్పు 6 మిల్లీమీటర్లు ఉండాలి, చర్మం కింద 6 మిల్లీమీటర్లకి మించిన లోతు ఉండకూడదు, నిమిషానికి 600 మిల్లీలీటర్లు పారాలి. ఆరో వారం స్కాన్‌లో నాది నాలుగున్నర మిల్లీమీటర్లే. థ్రిల్ కూడా పలచబడింది. కుట్టు దాటిన వెంటనే ఒక చోట ఇరుకైందని కనిపెట్టి, బెలూన్‌తో వెడల్పు చేశారు. నొప్పి ఉంది, దాచను, బెలూన్ ఉబ్బిన ఆ కాసేపు పళ్లు బిగబట్టాను. కానీ తీశాక వేలు పెడితే వణుకు మోచేతి దాకా తెలిసింది. ఇంకో నెల ఆగారు. ఈలోగా డయాలసిస్ అత్యవసరం కాకపోవడం నా అదృష్టం, లేకపోతే మెడ దగ్గర సిరలో క్యాథెటర్ అనే గొట్టం పెట్టాల్సి వచ్చేది.

మొదటి డయాలసిస్ రోజు సిస్టర్ రెండు సూదులు గుచ్చారు, రెండూ ఆ సిరలోకే. ఒకటి రక్తం లాగడానికి, ఇంకోటి శుభ్రమైనది తిరిగి పంపడానికి. "ఇవాళ ఇక్కడ, వచ్చేసారి కొంచెం పైన, నిచ్చెన మెట్లలా వెళ్దాం, ఒకే చోట గుచ్చితే అక్కడ బుడగలా ఉబ్బుతుంది" అన్నారావిడ. ఆ మెట్లు పరిచే చోటులోనే నాలుగు వేళ్లంత ముందే పోయింది. కిడ్నీ సమస్య ఉందని తెలిసినవాళ్లు, ఇంకా తొలి దశలోనే ఉన్నా సరే, మీ వాటం కాని చేతిని ఎవరికీ ఇవ్వకండి. రక్తపరీక్షయినా, సెలైనయినా రెండో అరచేతి వెనక వైపు చూపించండి, వాళ్లు విసుక్కున్నా ఫర్వాలేదు.

నాలుగు గంటలయ్యాక సూదులు తీసి, గాజుగుడ్డ పెట్టి నన్నే వేలితో అదిమి పట్టుకోమన్నారు. మామూలు రక్తపరీక్షకి రెండు నిమిషాలు చాలేది, దీనికి పన్నెండు నిమిషాలు పట్టింది, ఇప్పుడు లోపల ఉన్నది ధమని నుంచి వచ్చే జోరు కదా. "మరీ గట్టిగా నొక్కకండి, థ్రిల్ ఆగకూడదు" అన్నారు సిస్టర్. రక్తం బయటికి రాకుండా, వణుకు ఆగకుండా ఎంత నొక్కాలో కుదిరేసరికి పన్నెండు నిమిషాలూ అయిపోయాయి.