నూరు దేనారాలు

అర్ధరాత్రి రెండు గంటలకు కడుపులో మంటతో లేచాను. వాంతి తడిసిన కాఫీ పొడిలా నల్లగా ఉంది. అది రక్తమేనని, కడుపులోని ఆమ్లానికి అలా నల్లబడుతుందని తరవాత తెలిసింది. రక్తం ఎక్కించారు, ఎండోస్కోపీ చేశారు. జీర్ణాశయంలో పుండు. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఒక కారణం, కీళ్లనొప్పులకు నెలల తరబడి నేను మింగిన మాత్రలు ఇంకొకటి.

మరునాడు మా చర్చి సంఘ పెద్ద ఒకాయన చూడటానికి వచ్చారు. ప్రార్థన చేసి, వెళ్తూ వెళ్తూ, "మీ నాన్నగారిని మీరింకా క్షమించలేదమ్మా, అందుకే దేవుడు ఈ పుండు పెట్టాడు" అన్నారు. చేతికి సెలైన్ సూది, బదులు చెప్పే ఓపిక లేదు. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు, వాడి కన్నవారిదీ కాదని యేసు ప్రభువు చెప్పాడు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం ఆ పెద్దకు తెలియదా?

ఆ రాత్రి వార్డు తలుపు గడియ పడింది. ఆ చప్పుడుకు నాకు మళ్లీ తొమ్మిదేళ్లు. నాన్న తాగి వచ్చి ముందు గడియ పెట్టేవాడు, తరవాత బెల్టు తీసేవాడు. దుప్పటి అంచు నోట్లో కుక్కుకున్నాను, అప్పటిలాగే. నాన్న పోయి ఆరేళ్లు.

నర్సమ్మ వచ్చింది. ఏమీ అడగలేదు. "తలుపు వారగా తీసి ఉంచనా అక్కా?" అంది. గడియ పడకుండా తువ్వాలు మడిచి సందులో పెట్టింది. ఆ తల్లిని దేవుడు చల్లగా చూడాలి.

నిద్ర పట్టక మత్తయి సువార్త 18లోని దాసుని కథ తలచుకున్నాను. పదివేల తలాంతులు, అంటే తీర్చలేనంత అప్పు, రాజు క్షమించి వదిలేస్తే, ఆ దాసుడు బయటికి వెళ్లి తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటివాని గొంతు పట్టుకున్నాడు. పదివేల తలాంతుల ముందు నూరు దేనారాలు ఎంత అని ప్రసంగాల్లో చెప్పేవారు. కానీ దేనారం ఒక రోజు కూలి. నూరు రోజుల కూలి చిన్న బాకీ కాదు, ప్రభువు ఆ బాకీ లేదనలేదు. తోటివాని గొంతు పట్టుకోవద్దన్నాడు. నేను పట్టుకున్నది చనిపోయిన మనిషి గొంతు. తీర్చే మనిషి లేడు, నా పిడికిలి మాత్రం విడలేదు.

తెల్లవారుజామున, "నాన్నా, నువ్వు చేసింది తప్పు. ఆ బాకీ ఇక అడగను" అని గొణిగాను. ఏ వెలుగూ కనబడలేదు. ఏడ్చి నిద్రపోయాను.

పుండును మాన్పింది 14 రోజుల యాంటీబయాటిక్‌లు, ఆ తరవాత వాడిన మందులు. క్షమాపణ చేసిన పని వేరు. ఇంకా దెబ్బలు తింటున్నవారు ముందు ఆ ఇంట్లోంచి బయటపడండి, క్షమించడమంటే అక్కడే ఉండిపోవడం కాదు. రోగిని చూడటానికి వెళ్లేవారు ప్రార్థన చేసి ఊరుకోండి. ఆ పెద్దను కూడా నేను క్షమించాలి. ఇంకా కాలేదు.

అదే అధ్యాయంలో ప్రభువు క్షమించమన్న "డెబ్బది ఏళ్ల మారులు", అంటే డెబ్బై ఏడుల సార్లు, కొత్త కొత్త తప్పులకు అనుకునేదాన్ని. ఒకే తప్పును అన్నిసార్లు క్షమించవలసి వస్తోంది. మొన్న పక్కింటి గడియ చప్పుడుకు చెమటలు పట్టి లేచాను. "అడగను నాన్నా" అన్నాను. పడకగది తలుపు వారగా తీసి, తువ్వాలు మడిచి పెట్టి, పడుకున్నాను.