స్లో నిలవని ఇంజెక్షన్ బండి: ఇంజిన్ లైటు చెప్పేదెంత, చెప్పనిదెంత

స్లో అంటే రేస్ ఇవ్వనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం. అది నిలవకపోతే, సిగ్నల్ దగ్గర క్లచ్ పట్టగానే బండి ఆగిపోతుంది. లేదా రేస్ వదిలినా ఇంజిన్ అరుపు తగ్గదు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్యం నిబంధన) బళ్ళలో ఈ కంప్లయింట్ వస్తే అందరూ ముందు చూసేది మీటర్లో ఇంజిన్ లైటు. లైటు లేదంటే పెట్రోల్ మీద నెపం వేస్తారు. ఉందంటే కోడ్ (బండి కంప్యూటర్ దాచుకున్న తప్పు నంబరు) చదివి, అందులో పేరున్న సెన్సార్ కొని బిగిస్తారు. ఈ రెండు పద్ధతుల్లోనూ డబ్బు వృథా అయ్యే అవకాశమే ఎక్కువ.

కోడ్ చెప్పేది ఒక సర్క్యూట్ గురించి, పార్టు గురించి కాదు. హోండాలో 29వ కోడ్ ఐడిల్ ఎయిర్ కంట్రోల్ వాల్వ్‌ది, అంటే ఐఏసీవీది. ఆ వాల్వ్‌కి వెళ్ళే వైరు తెగినా, కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) వదులైనా, లోపల కాయిల్ పోయినా 29 వస్తుంది. అదే వాల్వ్ నాజిల్‌కి కార్బన్ పట్టి ఇరుక్కుపోతే చాలాసార్లు ఏ కోడూ రాదు. కరెంటు సరిగ్గానే వెళ్తోంది కాబట్టి ఈసీయూ, అంటే ఆ కంప్యూటర్, దృష్టిలో అంతా బాగానే ఉంది. స్లో గొడవల్లో ఎక్కువ భాగం ఇలా లైటు వెలిగించనివే.

స్లోలో ఏం జరుగుతుందో చూడండి. థ్రాటిల్ (రేస్ ఇస్తే తెరుచుకునే గాలి తలుపు) మూసి ఉన్నప్పుడు పక్కదారిలో ఎంత గాలి వెళ్ళాలో ఐఏసీవీ చూసుకుంటుంది. ఆ తలుపు ఉండే గొట్టంలో, అంటే థ్రాటిల్ బాడీలో, మసి పేరుకుంటే గాలి తగ్గుతుంది, ఈసీయూ వాల్వ్‌ని ఇంకాస్త తెరుస్తుంది. నెలల తరబడి అలా సర్దుకుంటూ పోయి, ఇక తెరవడానికి చోటు లేని రోజున బండి సిగ్నల్ దగ్గర ఆగుతుంది. దీనికి రివర్స్: థ్రాటిల్ బాడీకీ హెడ్‌కీ మధ్య ఉండే ఇన్‌టేక్ పైపు రబ్బరు పగిలినా, ఓ-రింగ్ గట్టిపడినా దొంగగాలి లోపలికి వస్తుంది. ఈసీయూ వాల్వ్‌ని పూర్తిగా మూసేసినా ఆర్పీఎం దిగదు. స్కానర్లో పీ0506 అంటే స్లో తక్కువ, పీ0507 అంటే స్లో ఎక్కువ. ఆ రెండూ ఫలితాన్ని చెప్తాయి, కారణాన్ని కాదు.

అందుకే ముందు గాలి చూడాలి. స్ప్రే బాటిల్‌లో మామూలు నీళ్ళు పోసి, ఇంజిన్ స్లోలో ఉండగా ఇన్‌టేక్ పైపు జాయింట్ల మీద, మ్యాప్ సెన్సార్ (ఇన్‌టేక్‌లో గాలి ఒత్తిడి కొలిచేది) గొట్టం ఉంటే దాని మీద సన్నగా కొట్టండి. సౌండ్ ఒక్క క్షణం మారితే లీకు అక్కడే. కార్బ్ క్లీనర్‌తోనో పెట్రోల్‌తోనో ఈ టెస్టు చేసేవాళ్ళున్నారు. వేడి సైలెన్సర్ పక్కన అది మంటలకు దారి, వద్దు. లీకు లేకపోతే థ్రాటిల్ బాడీ విప్పి, గుడ్డకి క్లీనర్ పట్టించి బోరు, బటర్‌ఫ్లై (థ్రాటిల్ తలుపు రేకు) అంచు తుడవండి. సెన్సార్ల మీదికి నేరుగా స్ప్రే కొట్టకూడదు. ఐఏసీవీ ఉన్న బండిలో రంగు పూసిన థ్రాటిల్ స్టాప్ స్క్రూని ముట్టుకోకండి. అది ఫ్యాక్టరీ సెట్టింగ్, తిప్పితే థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు రావాల్సిన రీడింగే మారిపోతుంది. ఐఏసీవీ లేని చిన్న బళ్ళలో స్లో స్క్రూ విడిగా ఉంటుంది, దాన్ని మాన్యువల్‌లో ఇచ్చిన ఆర్పీఎంకి పెట్టుకోవచ్చు.

తర్వాత బ్యాటరీ. రాత్రంతా ఆగిన బండిలో 12.4 వోల్టులకు తగ్గకూడదు. రేస్ ఇచ్చినప్పుడు 13.5 నుంచి 14.8 మధ్య కనిపించాలి. వోల్టేజీ పడిపోతే పెట్రోల్ పంపు, ఇంజెక్టర్, స్పార్క్ మూడూ బలహీనపడతాయి, సంబంధం లేని కోడ్లు కూడా పుడతాయి. కీ తిప్పగానే పంపు రెండు సెకన్లు గుయ్యిమనాలి.

ట్యాపెట్లు, అంటే ఇంజిన్ వాల్వ్‌ల దగ్గర ఉండాల్సిన సన్నటి సందు, మర్చిపోతారు. ఆ సందు తగ్గి టైట్ అయిన వాల్వ్‌తో బండి చల్లగా బాగానే ఉండి, వేడెక్కాక స్లోలో తడబడుతుంది. దీన్ని ఏ సెన్సారూ చెప్పదు. ఇంజిన్ 35 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడే ఆ సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టాలి. మన ఎండాకాలంలో ఆ పని పొద్దున్నే పెట్టుకోవాలి, మధ్యాహ్నం బయట ఆగిన బండి అంత చల్లగా ఉండదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే కోడ్ల పని. మొదటి బీఎస్6 హోండాల్లో చాలావాటికి ఎర్ర రంగు డయాగ్నస్టిక్ కప్లర్ ఉంటుంది. కీ ఆఫ్‌లో ఉంచి అందులోని బ్రౌన్, గ్రీన్ వైర్ల పిన్నులు కలిపి, కీ ఆన్ చేయాలి. లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటే స్టోర్ అయిన కోడ్లేవీ లేవు. బ్లింక్ అయితే లెక్కపెట్టండి: పొడుగు బ్లింక్ పది, పొట్టిది ఒకటి. రెండు పొడుగు, తొమ్మిది పొట్టి అంటే 29. 1 అంటే మ్యాప్, 7 ఇంజిన్ టెంపరేచర్, 8 థ్రాటిల్ పొజిషన్, 9 లోపలికి వచ్చే గాలి టెంపరేచర్, 12 ఇంజెక్టర్, 21 ఆక్సిజన్ సెన్సార్. 2023 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 (బండి తన లోపాల్ని తానే కనిపెట్టి చెప్పే పద్ధతి) వచ్చాక చాలా కొత్త బళ్ళకి 6 పిన్నుల సాకెట్ ఉంది. తగిన కేబుల్ ఉంటే మామూలు స్కానర్లోనే పీ కోడ్లు వస్తాయి.

8వ కోడ్ వచ్చిందనుకోండి. సెన్సార్ కొనకముందు కప్లర్ విప్పి పచ్చ తుప్పు ఉందేమో చూడండి. ప్రెషర్ వాష్ తర్వాత మొదలైన కోడ్లకి చాలాసార్లు కారణం ఇదే. కీ ఆన్‌లో సెన్సార్‌కి 5 వోల్టులు వస్తున్నాయా చూడండి. సిగ్నల్ వైరు మీద థ్రాటిల్ మూసినప్పుడు సుమారు అర వోల్టు ఉండి, మెల్లగా తిప్పుతుంటే ఎక్కడా గెంతకుండా పెరుగుతూ పోవాలి. మధ్యలో ఒక్కచోట దూకిందంటే సెన్సార్ అరిగింది. 5 వోల్టులే రాకపోతే తప్పు వైరింగ్‌లో ఉంది, కొత్త సెన్సార్ వేసినా అదే కోడ్ తిరిగొస్తుంది. 7వ కోడ్‌కి కప్లర్ తీసి ఓమ్స్ చూడండి: చల్లగా ఉన్నప్పుడు రెండు వేల ఓమ్స్ అటూ ఇటూ ఉండి, ఇంజిన్ వేడెక్కేకొద్దీ వందల్లోకి పడిపోవాలి. కదలకుండా ఒకే అంకె చూపిస్తే ఆ సెన్సార్ పోయినట్టే. అలాంటప్పుడు చల్లటి ఇంజిన్‌ని వేడి ఇంజిన్ అనుకుని ఈసీయూ పెట్రోల్ తగ్గించొచ్చు, పొద్దున స్టార్ట్ అయ్యి వెంటనే ఆగే బళ్ళలో కొన్నిటికి కారణం ఇదే.

రిపేర్ అయ్యాక కోడ్ చెరిపి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నడిపి, హెడ్‌లైటు వెలుగుతుండగానే ఆర్పీఎం చూడండి. తర్వాత హ్యాండిల్ చివరిదాకా ఎడమకీ కుడికీ తిప్పండి. తిప్పినప్పుడు అరుపు పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడో లాగుతోంది. గ్రిప్ దగ్గర 2 నుంచి 6 మిల్లీమీటర్ల ఫ్రీ ప్లే ఉండేలా కేబుల్ సరిచేసి, అప్పుడు మళ్ళీ ఆర్పీఎం చూసుకోండి.