చింతాద్రిపేటకు వచ్చిన రాళ్ళ రైలు

మాధవరంలో నెల్లూరు బస్సు దిగగానే మౌంట్ రోడ్డుకి ఆటో అతను 550 అడిగాడు. నా బస్సు టికెట్టు కూడా అంత లేదు. ఆంధ్రా బస్సులు ఊరి బయటే ఆగిపోవడం మొదలయ్యాక చెన్నై వచ్చేవాళ్ళందరికీ ఇదే బాధ. సిటీ బస్సులో నిలబడి వెళ్ళాను.

వెళ్ళింది సివిల్ ఇంజనీర్ల సభకి. నిర్మాణ పనుల్లో మట్టీ రాయీ మోసిన తొలి యంత్రాల మీద ప్రసంగం ఉందన్నారు. తీరా చూస్తే పొద్దుటి పూటంతా శాలువాలు, జ్ఞాపికలే. భోజనాల ముందు మిగిలిన కాస్త టైములో వక్త పరుగులు పెట్టాడు. పాపం, మంచి విషయమే తెచ్చాడు. 1883లో అమెరికాలో జేమ్స్ పోర్టియస్ పేటెంట్ తీసుకున్న ఫ్రెస్నో స్క్రేపర్‌ని, అంటే నేల గీకి మట్టి మోసే ఇనుప తొట్టిని, గుర్రాలూ కంచరగాడిదలూ లాగేవి, వెనక మనిషి పిడిని ఎత్తీ దించీ ఎంత లోతున గీకాలో చూసుకునేవాడు. తర్వాత మట్టీ రాయీ మోసుకెళ్ళి ఒంపే లారీ, 1934 నాటి యూక్లిడ్ డంపర్; మట్టి గీకే బండిని లాగే ట్రాక్టరు, 1938 నాటి లెటూర్నో టోర్నాపుల్. మన దేశం స్లయిడు ఒక్కటీ లేదు. అది నాకు మింగుడుపడలేదు.

భోజనాల దగ్గర ఫోన్‌లో నా తెలుగు విని ఒక పెద్దాయన పక్కకొచ్చి కూర్చున్నారు. మాచర్ల వైపు ఆయన. కుర్రతనంలో నాగార్జునసాగర్ పనిలో చేరి, రిటైరయ్యాక కొడుకు దగ్గర ఇక్కడ ఉంటున్నారు.

"డంపర్ల గురించి ఎవరైనా చెప్తారు బాబూ. మనుషులు మోసిన సంగతి చెప్పాలిగా" అన్నారు.

స్పూను అడ్డంగా పట్టుకుని, దానికి జేబురుమాలు వేలాడగట్టి చూపించారు. కర్రకి మోకు, మోకుకి రాయి, చెరో చివర ఒక మనిషి. వాలు ఎక్కేటప్పుడు బరువు వెనకవాడి వైపు జారుతుందట.

"అందుకని పొడుగువాణ్ణి వెనక పెట్టేవాళ్ళం. అప్పుడు కర్ర కాస్త సమంగా ఉంటుంది. ఈ లెక్క మాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు, పాలమూరు కూలీలే నేర్పారు."

1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకి నీళ్ళు వదిలిన డ్యామ్ అది. 124 మీటర్ల ఎత్తున్న ఆ రాతి గోడ కింద నిలబడి చిన్నప్పుడు నోరెళ్ళబెట్టి చూశాను గానీ, ఒక్కో రాయీ పైకెలా వెళ్ళిందని అడగాలని నాకు తోచలేదు.

మధ్యాహ్నం ఏం ప్రసంగాలు జరిగాయో నాకు తెలీదు. "కాటన్ దొర రాళ్ళ రైలు ఆగిన చోటు ఇక్కడికి దగ్గరే, వస్తారా?" అని ఆయన అడగడంతో ఇద్దరం ఆటో ఎక్కేశాం.

చింతాద్రిపేట వంతెన. కింద కూవం నది కంపు, పైన హారన్ల మోత, పక్కన చేపల బుట్టలు. బొంబాయి నుంచి ఠాణాకి మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1853లో కదా, అంతకు 16 ఏళ్ళ ముందే, 1837లో, రెడ్‌హిల్స్ నుంచి ఇక్కడిదాకా పట్టాలు వేసి బండ్లు నడిపారు. పొద్దున నా బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రెడ్‌హిల్స్ అదే! ఆ బండ్లు మోసింది మద్రాసు రోడ్లకి కావలసిన రాయి. ఆవిరి ఇంజను తెచ్చి చూశారు గానీ ఎక్కువగా పశువులే లాగేవి. అయినా లాభమే. గతుకుల బాట మీద చక్రం మట్టిలో దిగబడుతుంది, ఇనుప పట్టా మీద దొర్లిపోతుంది. అదే ఎద్దు కొన్ని రెట్ల బరువు లాగుతుంది.

మా అమ్మమ్మగారి ఊరు ధవళేశ్వరం. అక్కడ ఆనకట్ట పని 1847లో మొదలై 1852కల్లా పూర్తయింది. కొండ రాయి గోదావరి ఒడ్డుకి చేరింది కూడా ఇలాంటి పట్టాల మీదే. కాటన్‌కి మా వైపు ఊరూరా విగ్రహాలున్నాయి. ఆయన చేయి తిరిగిన ఈ చోట మాత్రం, వంతెన అటూ ఇటూ నడిచి ఎంత వెతికినా ఒక్క పలక కనపడలేదు. నాకు నిజంగా కోపం వచ్చింది.

పెద్దాయన వంతెన పిట్టగోడ పట్టుకుని, పట్టాలు ఏ వైపు నుంచి వచ్చి ఉంటాయో చేత్తో గాలిలో గీస్తూ చాలాసేపు చెప్పారు. హాల్లో కూర్చున్న కుర్ర ఇంజనీర్లంతా ఇక్కడ నిలబడి వినాల్సిన పాఠం అది. వచ్చే ఏడు శాలువాలు తగ్గించి, భోజనాలయ్యాక అందరినీ ఈ వంతెన దగ్గరికి తీసుకురమ్మని, ఆయన చేతే మాట్లాడించమని నిర్వాహకులకి ఆ రాత్రే మెయిల్ పెట్టాను.