పిండి పొంగని నెల

డిసెంబరు రెండో వారంలో మా ఆవిడ హైదరాబాదు వెళ్లింది. అమ్మాయి పురుడు. మూడు నెలలు అక్కడే. వెళ్లే ముందు ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించింది: గ్యాసు ఎప్పుడు బుక్ చేయాలి, పాలవాడి లెక్క ఎంత, తులసికి నీళ్లు. టిఫిను సంగతి అందులో లేదు. 31 ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా తిరిగినవాడు ఎక్కడో ఒకచోట తినేస్తాడులే అనుకుని ఉంటుంది.

తినొచ్చు. కానీ నేను చిల్లర లెక్కల్లో ముదిరిన మనిషిని. మా వీధి చివర బండి మీద ఇడ్లీ ప్లేటు 30, టీ 10. రోజుకు 40 చొప్పున మూడు నెలలకు 3,600. పైగా విజయనగరంలో ఈ నెలలో పొద్దున్నే మంచు. మంకీ క్యాపు పెట్టుకుని వెళ్లి పొట్లం కట్టించుకుని ఇంటికి వచ్చేసరికి ఇడ్లీ చల్లగా, చట్నీ ఇంకా చల్లగా. అందుకని ఇంట్లోనే చేసుకుందామని నిశ్చయించాను.

మొదటి రోజే ఇడ్లీకి దిగాను, తెలివితక్కువ పని. మినపప్పు నానబెట్టాను, రుబ్బాను, నూక కలిపాను, రాత్రి తొమ్మిదికి మూత పెట్టి పడుకున్నాను. పొద్దున్న మూత తీస్తే పిండి ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. వేలెత్తు కూడా పొంగలేదు. సరేలే అని ఇడ్లీ వేశాను. వచ్చినవాటిని ఇడ్లీలు అనడం కన్నా గోలీలు అనడం న్యాయం. ఫోన్లో మా ఆవిడకి చెబితే అవతల పెద్ద నవ్వు.

"ఏటండీ, చలికాలం పిండి రాత్రికి రాత్రి పులుస్తాదా? బియ్యం డబ్బా పక్కన దుప్పటి కప్పి పెట్టాల."

దుప్పటి ఒకటే ఉంది, అది నేను కప్పుకున్నాను అన్నాను.

తర్వాత ఆలోచిస్తే విషయం అర్థమైంది. పిండిని పొంగించేది అందులో పెరిగే సూక్ష్మజీవులు వదిలే గాలి. అవి హాయిగా పనిచేయాలంటే 30 డిగ్రీల దరిదాపుల్లో వెచ్చదనం ఉండాలి. ఆ రాత్రి నా ఫోన్లో చూస్తే 18. నాలాగే అవీ ముడుచుకుని పడుకున్నాయి. చలితో పోట్లాడి ఇడ్లీ చేయడం కన్నా, పులవక్కర్లేని టిఫిన్లు వెతుక్కోవడం మేలనిపించింది. వెతికితే అన్నీ మా అమ్మ చేసినవే తేలాయి.

ముందు చోడి జావ. పట్నం వాళ్లు రాగి మాల్ట్ అంటారు, మాకు చోళ్లే. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన దగ్గర్నుంచి మా చోడి పిండి అద్దాల షాపుల్లోకి, మెరిసే ప్యాకెట్లలోకి చేరిపోయింది. నేను మాత్రం చోళ్లు కొని మిల్లులో ఆడిస్తాను. మా ఊళ్లోని వ్యవసాయ పరిశోధన స్థానం చోళ్ల మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. వి.ఆర్. అని మొదలయ్యే చోడి రకాలు అక్కడివే. ఇది నాకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు. విత్తనాల బస్తాకి లగేజీ టికెట్టు కొట్టమంటే అరగంట వాదించిన ఒక రైతు.

పార్వతీపురం ఫస్ట్ సర్వీసులో ఉన్న రోజుల్లో, గజపతినగరం దాటాక అద్దాలకి మంచు పట్టి డ్రైవరు గుడ్డతో తుడుచుకుంటూ నడిపేవాడు. రామభద్రపురంలో కూరగాయల గంపలతో ఎక్కే ఆడవాళ్ల దగ్గర స్టీలు క్యాను ఉండేది. వేసవిలో అందులో పులిసిన అంబలి, ఉల్లిపాయ, మజ్జిగ. చలికాలంలో అదే చోడి పిండితో పొగలు కక్కే జావ. "తాగు బావూ, చల్లగైపోతాది" అని ఒక మామ్మ మూతలో పోసి ఇచ్చేది. అదే పిండి వేసవిలో చలవకి, చలికి వెచ్చదనానికి. ఏ కాలంలో ఎలా కాయాలో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను చేసేది ఇలా. రెండు చెంచాల పిండిని ముందు చన్నీళ్లలో కలపాలి. మరిగే నీళ్లలో నేరుగా వేస్తే ఉండలు కట్టేస్తుంది, ఆ ఉండల్ని విడగొట్టడం శివుడి తరం కూడా కాదు. ఒకటిన్నర గ్లాసు నీళ్లు మరిగాక ఆ కలిపింది పోసి, గరిటె ఆపకుండా ఏడెనిమిది నిమిషాలు. పచ్చి వాసన పోయి, పైన నిగనిగ మెరిస్తే ఉడికినట్టు. చిటికెడు శొంఠి, నాలుగు మిరియాలు దంచి వేస్తాను. బెల్లం మాత్రం పొయ్యి ఆపేశాకే. మొదటిసారి పాలు, బెల్లం కలిపి మరిగించాను, పాలు విరిగిపోయాయి. తప్పు నాది, పారబోయకుండా తాగిన శిక్ష కూడా నాదే. పిండి, బెల్లం, అర గ్లాసు పాలు అన్నీ కలిపినా తొమ్మిది రూపాయలు దాటదు. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, బియ్యంలో పది. నా మోకాళ్లు 31 ఏళ్లు బస్సులో నిలబడ్డ మోకాళ్లు, వాటికి ఈ లెక్క బాగా నచ్చింది.

కానీ నా అసలు గర్వం జావ కాదు, దిబ్బరొట్టి.

రాత్రి పడుకోబోయే ముందు అర గ్లాసు మినపప్పు నానబోస్తాను. పొద్దున్నే దాన్ని నీళ్లు తక్కువ పోసి, తెల్లగా నురగ వచ్చేదాకా రుబ్బి, కడిగి పిండిన ఒక గ్లాసు బియ్యం నూక కలుపుతాను. ఉప్పు, జీలకర్ర, ఒక అల్లం ముక్క. అంతే, పులవనక్కర్లేదు. రుబ్బేటప్పుడు పిండిలో చేరిన గాలి, మూత కింద ఆవిరి, ఈ రెండే దాన్ని లేపుతాయి. మా అమ్మ ఇచ్చిన ఇనప మూకుడులో రెండు చెంచాల నూనె వేసి, పిండిని రెండంగుళాల మందాన సర్ది, మూత పెట్టి, చిన్న బర్నరు మీద సన్న మంట. పావుగంట అటు చూడకూడదు. అమ్మ కాలంలో బొగ్గుల కుంపటి మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు వేసేవారు, అందుకని తిప్పే పని ఉండేది కాదు. మనకి నిప్పులు లేవు కనుక ఒకసారి తిప్పి ఇంకో ఏడు నిమిషాలు. అంచు ఎర్రగా, కరకరలాడుతూ, లోపల దూదిలా. బెల్లం పాకంలో ముంచుకుంటే ఒక రుచి, అల్లం పచ్చడి అయితే ఇంకోటి. పప్పు 13, నూక 8, నూనె 4. పాతిక రూపాయల్లో పొద్దున్నది కాక, మధ్యాహ్నం అన్నం కూడా మానేసేంత మిగులుతుంది.

పక్కింటి కుర్రాడు ఒకడున్నాడు, ఆరో తరగతి. వాసన పట్టి గేటు దగ్గరకి వచ్చి "తాతా, అంచు ఉందా?" అంటాడు. మధ్య ముక్క ఇస్తే ముఖం చిట్లిస్తాడు. అంచు కోసం మా ఇద్దరికీ రోజూ బేరమే.

వారానికి ఒకసారి ఉలవలు. రాత్రి నానబెట్టి, కుక్కర్లో ఏడు విజిళ్లు. గింజలకి ఎండుమిర్చి, వెల్లుల్లి తాలింపు పెడితే గుగ్గిళ్లు, ఆ కట్టు మధ్యాహ్నం చారుకి. ఉలవలు ఒంటికి వేడి అని మా వైపు అంటారు. అది ఎంత నిజమో గానీ, తిన్నాక స్వెట్టరు విప్పేస్తానన్నది నిజం. బద్ధకం వేసిన రోజు పెసరపప్పు వేసి ఉప్పుడుపిండి, పక్కన మాగాయ బద్ద. ఇంకా బద్ధకమైతే గంటస్తంభం వైపు తోపుడు బండ్ల మీద ఉడికించిన తేగలు. చీల్చి, నార తీసి, లోపలి లేత మొలక పక్కింటి కుర్రాడికి ఇస్తే దిబ్బరొట్టి అంచు ఆ రోజుకి నాదే.

నిన్న రాత్రి మళ్లీ ఫోను. అక్కడ అమ్మాయికి దిబ్బరొట్టి తినాలని ఉందట. నాన్‌స్టిక్ పెనంలో వేస్తే అంచు రాలేదట, మధ్యలో పచ్చిగా ఉండిపోయిందట. 35 ఏళ్ల కాపురంలో మొదటిసారి మా ఆవిడ నన్ను వంట సంగతి అడిగింది. మంట ఎంత, మూత ఎంతసేపు, అన్నీ స్టేజీ స్టేజీకి చెప్పినట్టు చెప్పాను. అంతా విని, "పెనంలో తేలదు గానండీ, ఆ మూకుడు ఆర్టీసీ కార్గోలో వేసేద్దురూ" అంది.

మూకుడు తోమి, తుడిచి, నూనె రాసి గట్టు మీద పెట్టాను. రేపటికి మినపప్పు కూడా నానబోశాను. కార్గో సంగతి ఇంకా ఏమీ తేల్చలేదు.