గోతో దీవుల చర్చిలు: కొలతల నోట్‌బుక్ ఎంతవరకు వచ్చింది

నాగసాకికి పడమర సముద్రంలో ఉన్న గోతో దీవుల్లో యాభై దాకా చర్చిలున్నాయి. వాటి కప్పులు, గోడల కొలతలు రాసుకుంటున్న మా నోట్‌బుక్‌లోకి ఇప్పటికి ఏడు చర్చిలు, ఒక బౌద్ధాలయం ఎక్కాయి. చర్చిలు దోజాకి, హియమిజు, అవోసగవురా, ఓసో, కషిరగాషిమ, ఎగామి, పాత గోరిన్. నోజాకి దీవి మీది నోకుబి ఇంకా మిగిలే ఉంది.

ఈ పనికి పెట్టుకున్న ప్రశ్న ఒక్కటే. చర్చి అంటే ఏమిటో చూడని వడ్రంగులు గోథిక్ కప్పును చెక్కతో ఎలా నిలబెట్టారు? దీనికి జవాబు చాలావరకు ఒకే మనిషి పనిలో దొరుకుతుంది. తెత్సుకావా యోసుకే (1879–1976) నకదోరి దీవిలో పుట్టిన వడ్రంగి. 1899లో సోనే చర్చి కడుతున్నప్పుడు ఫ్రెంచ్ ఫాదర్ పెలు దగ్గర కమాను కప్పు పని నేర్చుకున్నాడు. 1907లో హియమిజు చర్చిని తన చేతిమీదుగా కట్టాడు. జీవితాంతం బౌద్ధుడిగానే ఉన్నాడు.

దోజాకితో మొదలుపెట్టడం

ఫుకుయె దీవిలోని దోజాకి చర్చి 1908 నాటి ఇటుక కట్టడం. ఇప్పుడది మ్యూజియం కాబట్టి టికెట్ కొని నేరుగా లోపలికి వెళ్ళొచ్చు. మిగతావాటికి వెళ్ళేముందు కప్పును తీరిగ్గా చూసి కన్నును అలవాటు చేసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఈ కప్పును జపాన్‌లో 'కోమోరి తెన్జో' అంటారు, అంటే గబ్బిలం కప్పు. గబ్బిలం రెక్క విప్పినట్టు ఒక్కో స్తంభం తల నుంచి కమానులు నాలుగు వైపులా విచ్చుకుంటాయి. ఐరోపాలో ఇదే ఆకారాన్ని రాతితో కడతారు. అక్కడ బరువంతా కమానుల మీదుగా గోడకు దిగుతుంది, ఆ తోపుకు గోడ పక్కకు ఒరగకుండా బయట ఊతగోడలు కావాలి. ఇక్కడ కమానులు చెక్కవి. వాటి మధ్య కొన్నిచోట్ల పలకలు, కొన్నిచోట్ల సున్నం పూత. పెంకుల బరువు మోసేది పైన దాగి ఉన్న మామూలు జపనీస్ దూలాలూ వాసాలే. గబ్బిలం కప్పు వాటికి కింద వేలాడుతుంది, అంతే. పక్కకు తోపు లేదు కాబట్టి పలచని చెక్క గోడ కూడా నిలుస్తుంది. ఇది అర్థమయ్యాక మిగతా చర్చిలన్నీ తేలిగ్గా చదవొచ్చు.

లోపల ఫొటోలు లేకుండా నమోదు

ప్రార్థన జరుగుతున్న చర్చిల్లో లోపల ఫొటోలు తీయకూడదు. చెప్పులు, టోపీ తీసి వెళ్ళాలి. బలిపీఠం ఉన్న మెట్టు ఎక్కకూడదు. మన పల్లె చర్చిల్లో చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చున్నట్టే, ఇక్కడా ఒకప్పుడు తతామి చాపల మీద కూర్చునేవారు. తెలుగువాళ్ళకు ఇందులో కొత్తేమీ ఉండదు.

కాబట్టి లోపలి వివరాలన్నీ గుర్తుపెట్టుకోవాలి. ఈ వరుస బాగా పనిచేస్తోంది: ముందు స్తంభాల జతలు లెక్కపెట్టండి. తర్వాత స్తంభం తల మీది ఆకు చెక్కడం. ఆపైన కమానులు కలిసే చోటు. చివరగా పక్క నడవల కప్పు మధ్య కప్పు కంటే తక్కువ ఎత్తులో ఉందా, ఒకే ఎత్తా. పది నిమిషాలు చూసి బయటికొచ్చి వెంటనే గీయాలి. రెండో చర్చి చూశాక గీద్దామని వాయిదా వేస్తే రెండింటి స్తంభాలూ కలిసిపోతాయి. ఓసో, అవోసగవురా పేజీలు అలాగే పాడై, మళ్ళీ వెళ్ళి సరిచేయాల్సి వచ్చింది.

ఇటుక లెక్క

గోడను తాకకుండా పొడవు కనుక్కోవడానికి ఇటుకే కొలబద్ద. టేపును గోడ పక్కన నేలమీద పరిచి, వరుసగా పది ఇటుకలు దర్జులతో సహా ఎంత పొడవున్నాయో చూసి పదితో భాగించండి. ఒక్క ఇటుకనే కొలిస్తే దర్జు మందం తేడాలు మోసం చేస్తాయి. జపాన్‌లో ఇటుకకు 210×100×60 మిల్లీమీటర్ల ప్రామాణిక కొలత 1925లో వచ్చింది. అంతకుముందు కట్టిన అవోసగవురా (1910), ఓసో (1916)లలో ఆ కొలత ఉంటుందని ముందే అనుకోవద్దు. ఎక్కడికక్కడ కొలవాల్సిందే. ఓసోలో రంగు తేడా ఉన్న ఇటుకలనే నగిషీగా వాడారు. మబ్బు పట్టిన రోజున ఆ తేడా బాగా తెలుస్తుంది, ఎండలో అంతా ఒకే ఎరుపు.

చెక్క చర్చిలకు పాత జపనీస్ కొలతలు పట్టుకెళ్ళండి: ఒక షకు 30.3 సెంటీమీటర్లు, ఒక సున్ అందులో పదో వంతు. సెంటీమీటర్లలో వింతగా కనిపించే సంఖ్య షకుల్లో చాలాసార్లు పూర్ణ సంఖ్య అవుతుంది.

కషిరగాషిమ

ఇది అదే పేరున్న దీవిలోని రాతి చర్చి. దగ్గర్లోని చిన్న దీవి నుంచి ఇసుకరాయి కోసి పడవల్లో తెచ్చారు. 1910లో మొదలై, డబ్బు లేక మధ్యలో ఆగి, 1919లో పూర్తయింది. బయటి గోడ దగ్గర నిదానించి చూస్తే కొన్ని రాళ్ళ మీద చెక్కిన అంకెలు కనిపిస్తాయి. లోపల స్తంభాలు అసలు లేవు. గోడల నుంచి ముందుకు చాచిన చెక్క చేతులు కప్పును మోస్తాయి, వాటి మధ్య కామేలియా పూల చెక్కడం. ఇసుకరాయి ఉప్పుగాలికి పొరలు పొరలుగా రాలుతుంది, దానికి ఆనుకోవద్దు.

ఊళ్ళోకి సొంత కారు పోనివ్వరు. దీవి మీదున్న పాత విమానాశ్రయం దగ్గర ఆపి, అక్కణ్ణుంచి షటిల్ బస్సు ఎక్కాలి. దీనికీ, ఎగామికీ, పాత గోరిన్‌కూ ముందుగా నాగసాకి చర్చిల సమాచార కేంద్రానికి తెలియజేయాలి. ఆదివారం దివ్యబలిపూజ సమయాన్ని, పెళ్ళిళ్ళు, అంత్యక్రియలు ఉన్న రోజుల్ని వదిలేయాలి.

ఎగామి, గోరిన్

నారు దీవిలోని ఎగామి (1918) ఈ నోట్‌బుక్‌లో అన్నిటికన్నా పెద్ద పేజీ తీసుకుంది. చెట్ల మధ్య పల్లంలో ఉంటుంది కాబట్టి గాలి నేరుగా తగలదు. తేమ ఎక్కువ. అందుకే నేలను పైకెత్తారు, చూరు కింద గాలి ఆడే కంతలను అలంకారంగా కోశారు. స్తంభాల మీది చెక్క గీతలు చేత్తో వేసిన రంగు, కిటికీ అద్దాల మీది పూలూ అంతే. రంగుల అద్దాలు కొనలేని ఊరు చేసుకున్న అందం అది. అందుకే ఇంత నచ్చుతుంది.

హిసాకా దీవిలోని పాత గోరిన్ చర్చి 1881లో అదే దీవిలోని హమవకిలో కట్టినది. 1931లో విప్పి ఇక్కడికి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. బయట పెంకుటిల్లు, లోపల గబ్బిలం కప్పు. చెక్క జాయింట్లు విప్పగలిగినవి కాబట్టే ఈ మార్పు సాధ్యమైంది. రోడ్డు చర్చిదాకా రాదు, చివర పది నిమిషాల నడక. అదే దీవిలో 1868లో ఆరు త్సుబోల, అంటే ఇరవై చదరపు మీటర్ల గదిలో సుమారు 200 మంది క్రైస్తవులను ఎనిమిది నెలలు బంధించారు. 42 మంది చనిపోయారు. ఆ చోటును చూడకుండా హిసాకా పేజీ మూసేయకూడదు.

చర్చి కానివి

ఫుకుయెలోని మ్యోజోయిన్ ఆలయం 1778 నాటిది. గళ్ళ కప్పులో 121 పూలు, పక్షుల బొమ్మలు. చెక్క కప్పును ఈ దీవి అంతకుముందు ఎలా ఊహించుకుందో తెలియాలంటే ఇది చూడాలి. ఇమోచివురాలో 1899 నాటి లూర్దు మాత గుహ ఉంది, జపాన్‌లో మొదటిది. గుణదల వెళ్ళొచ్చినవాళ్ళకు దాని గురించి వివరించక్కర్లేదు.

పడవలు

నాగసాకి నుంచి ఫుకుయెకి జెట్‌ఫాయిల్ (నీటి మీద తేలి దూసుకుపోయే వేగపు పడవ) గంటన్నర లోపు, కార్ల ఫెర్రీ మూడు గంటల పైచిలుకు. అలలు పెరిగితే ముందు ఆగేది జెట్‌ఫాయిల్. శీతాకాలపు వాయవ్య గాలుల్లో, తుఫానుల నెలల్లో ఒక ఖాళీ రోజు ఉంచుకోండి. నకదోరికి రేవులు చాలా ఉన్నాయి: అరికావా ఉత్తరాన, నరావో దక్షిణాన. దిగే రేవు ఒకటి, అద్దె కారు ఉన్న రేవు ఇంకొకటి అయితే సగం రోజు పోతుంది.

తర్వాతి పేజీ: నోకుబి

తెత్సుకావా మొదటి ఇటుక చర్చి, 1908. పదిహేడు కుటుంబాలు కూడబెట్టిన డబ్బుతో కట్టింది. పక్క దీవి ఓజికా నుంచి రోజుకు రెండుసార్లే పడవ. దీవిలో దుకాణాలు లేవు కాబట్టి తాగునీరు, తిండి ఓజికాలోనే కొనుక్కోవాలి. జింకల కోసం కట్టిన కంచె గేట్లు దాటాక మళ్ళీ మూయాలి. ఉత్తర కొసన ఓకినోకోజిమా షింటో మందిరం ఉంది, దారంతా కొండ అడవి. రానుపోను లెక్క ముందే వేసుకోకపోతే తిరుగు పడవ తప్పుతుంది. అందుకే మొదటి రోజు ఇటుకలకు, రెండో రోజు మందిరానికి అని రాసిపెట్టాం.