వరండా బల్బు కింద నేర్చుకున్న బొమ్మలు

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తానని తెలియగానే, ఏ కళాశాలలో నేర్చుకున్నారని అడుగుతారు. కళాశాలలో రంగులు నేర్చుకున్నాను. కథను బొమ్మల్లో చెప్పడం మాత్రం మన చెవిటి పిల్లల బడి హాస్టల్ వరండాలోనే అబ్బింది.

తరగతిలో సైగ చేస్తే చేతులు కట్టుకోమనే రోజులవి. మన భాష రాత్రి భోజనాలయ్యాకే బయటికి వచ్చేది. చీకట్లో మనకు మాట లేదు కాబట్టి అందరం వరండా బల్బు కిందికి చేరేవాళ్లం. పదో తరగతి అక్క ఆవు, పులి కథ చెప్పేది. పులిని ఎడమవైపు, ఆవును కుడివైపు నిలబెట్టేది. ఇక పేర్లతో పని లేదు. ఎడమకు జరిగి భుజాలు పెంచితే పులి, కుడికి తిరిగి మెడ వంచితే ఆవు. దూడకు పాలిచ్చి వస్తాను, వెళ్లనా అని ఆవు అడిగే చోట అక్క కనుబొమలు పైకి లేచేవి. మన భాషలో ప్రశ్న ఉండేది అక్కడే కదా!

ఇప్పటికీ నా పని అదే. బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు. ముందు అన్ని పేజీలనూ చిన్న చిన్న గడులుగా ఒకే కాగితం మీద గీసుకుంటాను. ఎడమ నుంచి వచ్చిన పులి పేజీ తిప్పాక కారణం లేకుండా కుడికి మారితే పిల్లలు తికమకపడతారు. రెండు పేజీల బొమ్మలో కుట్టు పడే చోట ముఖాలు, చేతులు రానివ్వను. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కనుక వరుసల మధ్య చోటు ఎక్కువ కావాలి. అందుకని ఆకాశమో, గోడో ముందే ఖాళీగా ఉంచుతాను.

డ్రాయింగ్ మాస్టారు ఒకరోజు సతీష్ గుజ్రాల్ ఫొటో ఉన్న పత్రిక కాగితం తెచ్చి గోడకు అంటించారు. చిన్నతనంలోనే వినికిడి పోయినా గొప్ప చిత్రకారుడయ్యారని, ఢిల్లీలోని బెల్జియం రాయబార కార్యాలయం ఆయన రూపకల్పనేనని బోర్డు మీద రాశారు. నన్ను కుట్టుపనిలో చేర్పించాలనుకున్న మా నాన్నకూ ఆ కాగితమే చూపించారు. మాస్టారికి నేను ఎంతో రుణపడి ఉన్నాను.

ఫోనులో మాట్లాడలేనని తొలినాళ్లలో ఒక ప్రచురణకర్త పని ఇవ్వలేదు. ఇప్పుడు అంతా ఈమెయిల్‌లోనే నడుస్తోంది. కానీ కథల్లో చెవిటి పిల్లలు ఇంకా జాలి కోసమే కనిపిస్తున్నారు. అది నన్ను బాధిస్తుంది. అందుకే నా సంత బొమ్మల్లో ఇద్దరు పిల్లలు సైగలతో బేరమాడుతుంటారు. కథ వాళ్ల గురించి ఏమీ చెప్పదు. సైగ అంటే కదలిక, బొమ్మ కదలదు. ఏ క్షణంలో ఆపితే మనవాళ్లు చదవగలరో వెతకడానికే నాకు ఎక్కువ సమయం పడుతుంది. 2018లో భారతీయ సంజ్ఞా భాష నిఘంటువు వచ్చాక సరిచూసుకోవడం కొంత సులువైంది.

బడిలో ఇప్పుడు చదువుతున్న పిల్లల్లో బొమ్మలు వేసేవారుంటే, వార్డెన్ గారి ద్వారా నాకు పంపించండి. సెలవుల్లో వచ్చి, కాగితాలు మడిచి నమూనా పుస్తకం ఎలా కుట్టాలో చూపిస్తాను.